విచారణబుద్ధి

సంధ్యాసమయము. ఒక బాటసారి పొలము గట్టుమీదుగా ఇంటికి పోవుచుండెను. అడుగు దూరమున నల్లగా, వంకరగా ఏదియో పడియుండుట అతని కంటబడెను. "పాము! పాము!" అని కేకవైచి అతడు వెనుకకు దుమికెను. ఆ కేక విని పొలములనుండి నలుగురు పరుగున వచ్చిరి. ఒకడది త్రాచుపాము అనెను. మరియొకడు దాని పడగను చూచితి ననెను. ఇంకొకడు బుస వింటి ననెను. ఇంతలో ఒక వృద్ధుడు లాంతరు తెచ్చి దగ్గరగా చూపెను. అది బండినుండి జారిపడిన మోకుముక్క! పడగను చూచినవాడును, బుస విన్నవాడును తలలు వంచుకొనిరి.

ఇట్టి పొరపాటునే మన పూర్వులు రజ్జుసర్పభ్రాంతి యనిరి. రజ్జువనగా త్రాడు. త్రాటిని చూచి పామని భ్రమించుట రజ్జుసర్పభ్రాంతి. ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ వచ్చినవారిలో ఎవ్వరును అబద్ధమాడవలెనని తలచినవారు కారు. భయమే వారికి పడగను చూపినది. భయమే బుసను వినిపించినది. లాంతరు తెచ్చిన వృద్ధుడు వారందరికంటె ధైర్యవంతుడో, పండితుడో కానక్కరలేదు. అతడు చేసిన పని యొక్కటియే. నిర్ణయించుటకు ముందు అతడు వెలుతురు తెచ్చి చూచెను.

నిర్ణయమునకు ముందు వెలుతురు తెచ్చి చూచు ఈ గుణమే విచారణబుద్ధి. విన్న మాటకు ఆధారమేమి? చూచినది నిజముగా అదియేనా? దీనికి మరియొక కారణ ముండవచ్చునా? అని ప్రశ్నించుకొని, సమాధానము దొరికినంతమేరకే నమ్ముట దీని లక్షణము.

కొందరు విచారణయనగా ఇతరుల మాటలలో తప్పులెన్నుటయని తలంతురు. అది సరికాదు. ఎద్దు ఈనినదనిన దూడను కట్టివేయుమను వానికి విచారణ లేదన్నమాట అందరికిని తెలిసినదే. కాని ఏ మాట విన్నను "అంతయు అబద్ధమే" అని పెదవి విరుచువానికిని విచారణ లేదు. అన్నిటిని నమ్మువాడును, దేనిని నమ్మనివాడును ఒక్క శ్రమనే తప్పించుకొనుచున్నారు. అది పరీక్షించు శ్రమ.

తాటిచెట్టుపై ఒక కాకి వ్రాలెను. సరిగా అప్పుడే ఒక తాటిపండు రాలిపడెను. కాకి వ్రాలుటచేతనే పండు రాలినదని చూచినవాడు తలచుట సహజము. కాని పండి తొడిమ వీడిన కాయ కాకి వ్రాలకున్నను రాలును. రెండు సంఘటనలు ఒక్కసారి జరిగినంతమాత్రమున ఒకటి మరియొకదానికి కారణము కాదు. దీనికే కాకతాళీయమని పేరు.

ఒక విద్యార్థి నీలిరంగు కలముతో వ్రాసిన పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొనెననుకొందము. నాటినుండి ఆ కలము అతనికి అదృష్టకలమయ్యెను. అతడు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఆ కలముతో వ్రాసి బాగుగా ఉత్తీర్ణుడైన పరీక్షలెన్ని? ఆ కలముతో వ్రాసియు తప్పినవెన్ని? అది లేకయే బాగుగా వ్రాసినవెన్ని? అది లేక తప్పినవెన్ని? సామాన్యముగా జనులు మొదటి ప్రశ్నతోనే ఆగిపోవుదురు. తక్కిన మూడింటిని కూడ అడిగినవానికి కలము మహిమ ఎంతయో, తాను చదివిన చదువెంతయో తెలియును.

చూచినదానిని సయితము పరీక్షింపవలెననుటకు జర్మనీ దేశమున జరిగిన ఒక కథ చక్కని నిదర్శనము. 20వ శతాబ్ది ప్రారంభమున బెర్లిను నగరమున హాన్స్ అను గుఱ్ఱము గొప్ప ఖ్యాతి గాంచెను. దాని యజమానియైన విల్హెల్మ్ ఫన్ ఓస్టెన్ ఒకప్పుడు గణితోపాధ్యాయుడు. ఆయన దానికి లెక్కలు నేర్పెను. "మూడును నాలుగును కలిపిన ఎంత?" అని అడిగిన ఆ గుఱ్ఱము ముందరి గిట్టతో నేలను ఏడుమార్లు తట్టి ఆగెడిది. యజమాని దగ్గర లేనప్పుడు ఇతరులడిగినను సరిగానే చెప్పెడిది. 1904లో పెద్దలు కొందరు ఒక సంఘముగా చేరి పరిశీలించి, ఇందు మోసమేమియు లేదని తేల్చిరి. అది నిజమే. మోసము లేదు.

కాని ఓస్కర్ ఫుంగ్‌స్ట్ అను పరిశోధకుడు అంతటితో తృప్తి చెందలేదు. ప్రశ్న అడుగువానికే సమాధానము తెలియకుండ ఏర్పాటుచేసి చూచెను. గుఱ్ఱము తప్పిపోయెను. ప్రశ్న అడుగువాడు కనబడకుండ దాని కన్నులకు ప్రక్కల అడ్డులు కట్టి చూచెను. అప్పుడును తప్పిపోయెను. తుదకు రహస్యము బయటపడెను. గుఱ్ఱము తట్టుట ప్రారంభింపగానే ప్రశ్న అడిగినవాడు తనకు తెలియకయే దాని గిట్టవైపు కొంచెము వంగును. సరియైన సంఖ్య రాగానే తల ఇసుమంత పైకెత్తును. ఆ కదలికను చూచి గుఱ్ఱము ఆగుచుండెను. దానికి లెక్కలు రావు; మనుష్యుల ముఖమును చదువుట వచ్చును. ఫుంగ్‌స్ట్ ఈ విషయమును 1907లో ప్రకటించెను. ఒకేసారి అనేక విషయములు కలిసియున్నప్పుడు ఒక్కొక్కదానిని విడదీసి పరీక్షించినగాని అసలు కారణము తేలదని దీనివలన తెలియుచున్నది.

గుఱ్ఱము లెక్కలు చేయునని నమ్మినవారికి కలిగిన నష్టము స్వల్పము. కాని తప్పుడు కారణమును నమ్ముట ప్రాణములమీదికి తెచ్చు సందర్భములును కలవు.

1854వ సంవత్సరము ఆగస్టు నెలాఖరున లండను నగరమందలి సోహో ప్రాంతమున కలరా వ్యాపించెను. బ్రాడ్ వీధి చుట్టుప్రక్కల పది దినములలో 500 మందికి పైగా మరణించిరి. ప్రజలు ఇండ్లు విడిచి పారిపోయిరి. చెడుగాలివలన, దుర్వాసనవలన కలరా వచ్చునని ఆ కాలమున వైద్యులలో పెక్కురు నమ్మిరి. సోహో వీధులు మురికి కూపములే యగుటచే ఆ నమ్మకమునకు బలము కలిగెను.

జాన్ స్నో అను వైద్యుని అభిప్రాయము వేరు. కలరా రోగము గాలిలో కాక నీటిలో ఉన్నదని ఆయన 1849లోనే వ్రాసియుండెను. అయినను తన అభిప్రాయము తనకే ప్రమాణము కాదని ఆయన ఎఱుగును. మరణముల పట్టికను సంపాదించి, ఇల్లిల్లు తిరిగి విచారించెను. పట్టికలోని 83 మరణములలో మిక్కిలి భాగము బ్రాడ్ వీధిలోని చేతిపంపునకు సమీపముననే జరిగినవి. పది మరణములు మాత్రము మరియొక పంపునకు దగ్గరనున్న ఇండ్లలో జరిగినవి. ఇంకొకడైనచో "పది మాత్రమే కదా" యని విడిచిపెట్టియుండును. స్నో ఆ పదింటినే ముఖ్యముగా పట్టుకొనెను. తన మాట తప్పైనచో ఆ తప్పు అక్కడనే బయటపడవలెను. విచారింపగా, అందులో ఐదు కుటుంబములవారు ఎప్పుడును బ్రాడ్ వీధి పంపు నీటినే తెప్పించుకొనుచుండిరని తెలిసెను. మరి ముగ్గురు ఆ పంపు సమీపమునగల బడికి పోవు బాలలు.

అంతటితో ఆయన ఆగలేదు. పంపు దగ్గర నివసించియు రోగము రానివారిని గూర్చి విచారించెను. సమీపమున ఒక పేదలశాల కలదు. అందున్న 535 మందిలో ఐదుగురే మరణించిరి. ఆ శాలకు సొంత బావి కలదు. అదే వీధిలోని బీరు కర్మాగారమున 70 మందికి పైగా పనివారుండిరి. వారిలో ఒక్కరును కలరాచే మరణింపలేదు. వారు బీరును త్రాగుదురు. అక్కడను వేరు బావి కలదు. అందరును పీల్చినది ఒకే గాలి. త్రాగిన నీరు మాత్రము వేరు. ఇక దూరముననున్న హ్యాంప్‌స్టెడ్‌లో ఒక వృద్ధురాలు కలరాతో మరణించెను. ఆ చుట్టుప్రక్కల కలరా లేదు. ఆమె పూర్వము బ్రాడ్ వీధిలో నివసించినది. ఆ నీటి రుచిని మరువలేక ప్రతిదినము బండిమీద సీసాతో తెప్పించుకొనుచుండెను. ఆమె ఇంటికి వచ్చి ఆ నీరు త్రాగిపోయిన మేనకోడలును మరణించెను.

ఈ విషయములు విని స్థానికాధికారులు సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడిని తీసివేయించిరి. అయితే జనులు పారిపోవుటచేత రోగము అప్పటికే తగ్గుముఖము పట్టినదని స్నోయే స్వయముగా వ్రాసెను. పిడి తీయుటచేతనే రోగము పోయినదని చెప్పుకొనుటకు ఆయనకు మంచి అవకాశము దొరికినది. ఆయన దానిని వాడుకొనలేదు. తనకు అనుకూలమైనను ఆధారము చాలని మాటను పలుకకుండుటయే విచారణబుద్ధికి గీటురాయి.

ఈ కథలో మరియొక ధన్యజీవి కలడు. అతడు హెన్రీ వైట్‌హెడ్ అను యువ క్రైస్తవ మతాచార్యుడు. ఆ వీధులలోని కుటుంబములన్నియు అతనికి పరిచితములు. స్నో చెప్పినది తప్పని అతడు తలచి, ఆ సంగతిని రుజువు చేయుటకే ఇంటింటికి పోయి విచారించెను. ఊరు విడిచి పోయినవారి జాడలు కూడ తీసెను. విచారించినకొలది స్నో మాటయే నిజమని అతనికి తోచెను. తుదకు మూలకారణమును కనుగొన్నవాడు అతడే. బ్రాడ్ వీధి 40వ నెంబరు ఇంట ఒక పసిపాప అతిసారముతో మరణించెను. ఆ బిడ్డ గుడ్డలు ఉదికిన నీటిని తల్లి ఇంటి మురుగుగుంటలో పోయుచుండెను. త్రవ్వించి చూడగా, ఆ గుంట గోడలు శిథిలమై, పంపు బావికి మూడడుగులలోపుననే యుండెను! ఖండింపబోయి నిజమును కనుగొని, దానిని దాచక లోకమునకు చెప్పిన వైట్‌హెడ్ ఓడిపోయినవాడు కాడు. అభిప్రాయమునకంటె సత్యము గొప్పదని నమ్మినవానికి ఓటమి లేదు.

తెలుగునాట జరిగిన విచారణ మరియొకటి కలదు. చలిజ్వరము చిత్తడినేలల చెడుగాలివలన వచ్చునని వెనుక నమ్మెడివారు. మలేరియా యను ఇటాలియను మాటకు చెడుగాలి యనియే యర్థము. 1880లో లవెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగుల రక్తములో మలేరియా క్రిములను చూచెను. అవి మనుష్యుని శరీరములోనికి ఎట్లు వచ్చునో తెలియలేదు. దోమలకు ఇందు పాత్ర యుండవచ్చునని పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఊహించెను. ఆ ఊహను పరీక్షింప బూనినవాడు రోనాల్డ్ రాస్. ఈయన అల్మోరాలో జన్మించినవాడు. 1895లో సికిందరాబాదునకు సైనిక వైద్యుడుగా వచ్చెను. దోమలను పెంచి, రోగులను కుట్టించి, సూక్ష్మదర్శినిక్రింద వానిని కోసి చూచెను. రెండు సంవత్సరములు శ్రమించినను ఫలము కనబడలేదు.

దోమలకు సంబంధము లేదని ఆయన అప్పుడే నిశ్చయించుకొనవచ్చును. అట్లు చేయలేదు. ఇంతవరకు చూచినవి ఒకటి రెండు జాతుల దోమలే కదా, జాతి మారినచో ఫలితమును మారునేమో యని ఆలోచించెను. 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలుగల వేరొక జాతి దోమలు దొరికెను. ఆగస్టు 20వ తేదీన, రోగి రక్తము త్రాగిన అట్టి దోమ కడుపు గోడలో నల్లని రేణువులతో కూడిన క్రిమికణములను రాస్ చూచెను. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశోధించి, ఆ క్రిములు దోమ లాలాజల గ్రంథులను చేరి, కాటుద్వారా వ్యాపించునని నిరూపించెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. దోమలన్నియు ఒక్కటేయను భావము ఎవరును అడుగని, ఎవరును చెప్పని నమ్మకము. ఇట్లు మనస్సులో మాటుననుండు నమ్మకములను బయటికి తీసి ప్రశ్నించుట అన్నిటికంటె కష్టము.

విచారణ పాశ్చాత్యుల సొత్తని తలపరాదు. మన న్యాయశాస్త్రము జ్ఞానము కలుగుటకు నాలుగు సాధనములను చెప్పినది. కంటితో చూచుట మున్నగునవి ప్రత్యక్షము. తెలిసినదానినిబట్టి తెలియనిదానిని నిర్ణయించుట అనుమానము. నేడు మనము సందేహమును అనుమానమందుము కాని, శాస్త్రమున అట్లు కాదు. కొండపై పొగను చూచి నిప్పున్నదని తెలిసికొనుటయే అనుమానము. పోలికచే తెలియునది ఉపమానము. విషయము బాగుగా తెలిసి, ఉన్నదున్నట్లు పలుకువాని మాట శబ్దము. పొగమంచును చూచి పొగయనుకొన్నచో నిప్పు ఉండదు. ఇట్టి తప్పుడు హేతువులకు హేత్వాభాసములని పేరు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున ఈ శాస్త్రమును బాలురకు సులువుగా బోధపడునట్లు తర్కసంగ్రహమను గ్రంథముగా రచించెను. మన శాస్త్రకారులకు మరియొక సంప్రదాయము కలదు. తమ సిద్ధాంతమును చెప్పుటకు ముందు ఎదుటివాని వాదమును, అతడే చెప్పినంత బలముగ చెప్పుదురు. అది పూర్వపక్షము. పూర్వపక్షమును సరిగా చెప్పలేనివానికి సిద్ధాంతము చేయు అధికారము లేదు.

ఈ గుణము విద్యార్థికి మొదట చదువులో ఉపయోగపడును. రేఖాగణిత సిద్ధాంతమును వల్లించినవాడు, పటములో అక్షరములు మారినచో చిక్కుపడును. ప్రతి మెట్టువద్ద "ఇది యెందుచేత?" అని యడిగినవాడు ఏ పటమునైనను సాధించును. లెక్క చేసిన పిమ్మట జవాబు సంభవమా కాదా యని చూచుకొనుటయు విచారణయే. ఎనిమిదవ తరగతి బాలుని యెత్తు 15 మీటర్లని వచ్చినచో దశాంశ బిందువు ఎక్కడనో జారినదన్నమాట. తెలియనిదానిని గురువునడుగుట అవిధేయత కాదు. వినయముతో అడిగిన ప్రశ్న గురువునకు సంతోషమునే కలిగించును.

పనిలోను ఇది యంతే యవసరము. క్రొత్త ఎరువు వేసిన రైతుకు పంట ఎక్కువ వచ్చినదనుకొందము. ఆ యేడు వానలు కూడ బాగుగా కురిసినవి. పెంచినది ఎరువా, వానయా? తెలివిగల రైతు ఒకే చేనిలో ఒక మడికి ఎరువు వేసి, ప్రక్కమడిని విడిచిపెట్టును. వాన రెండింటికి సమానమే కనుక, నూర్పిడినాడు తేడా తేలిపోవును. వైద్యుడు రోగికి మందు వ్రాయుటకు ముందును, మేస్త్రీ గోడ పగులును పూడ్చుటకు ముందును కారణమునే వెదకుదురు. కారణము తెలియక పూడ్చిన పగులు మరల విచ్చును.

నిత్యజీవితమునందు ప్రకటనలు మనలను చుట్టుముట్టియున్నవి. ఒక మందు వాడిన నూరుగురిలో తొంబదిమందికి జలుబు వారము దినములలో తగ్గినదని ప్రకటించిరనుకొందము. అది నిజమే కావచ్చును. కాని సామాన్యమైన జలుబు ఏ మందును వాడకున్నను సుమారు వారములో తగ్గిపోవును. వాడనివారి సంగతి చెప్పని లెక్క సగము లెక్క. సగము లెక్కతో సరకు కొనరాదు.

అంతకంటె ప్రమాదకరమైనవి వదంతులు. పూర్వము పుకారు ఊరు దాటుటకు దినములు పట్టెడిది. నేడు సెల్‌ఫోనుద్వారా క్షణములో దేశమంతయు వ్యాపించుచున్నది. 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని మన దేశమున పలు రాష్ట్రములలో సందేశములు వ్యాపించెను. వానిని నమ్మిన జనులు గుంపులై, దారిన పోవు అమాయకులపైబడి కొట్టిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఆ సందేశములను పంపినవారిలో పెక్కురు దుష్టులు కారు. తమ బిడ్డలపై ప్రేమగల తల్లిదండ్రులే. సంధ్యవేళ పడగను చూచినవారివలెనే వారును భయపడిరి. లాంతరు తెచ్చువాడు ఆ గుంపులో లేకపోయెను.

కావున ఒక వార్త చేతికందినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఈ మాటను మొదట చెప్పినదెవరు? అతనికెట్లు తెలిసినది? ఇది ఎప్పుడు, ఎక్కడ జరిగినది? దీనిని నమ్మించుటవలన లాభము పొందువారెవరు? వీనికి సమాధానము దొరకనిచో ఆ వార్తను ఇతరులకు పంపక ఆపివేయవలెను. నోరు జారిన మాటవలె, చేయి జారిన సందేశమును మరల పట్టుకొనుట సాధ్యము కాదు. నిజము నిలుకడమీద తేలునని పెద్దలందురు. ఆ నిలుకడ మనయందుండవలెను.

ఇతరుల మాటలను ప్రశ్నించుట సులభము. తన కిష్టమైన మాటను ప్రశ్నించుట కష్టము. మెచ్చుకొను స్నేహితుని మాట, తన కులమువారి మాట, తన ఊరివారి మాట వినగానే మనస్సు పరీక్షను మరచిపోవును. విచారణబుద్ధి గలవాడు అట్టి వేళలందే మరింత మెలకువతో నుండును. "నేను పొరపడితిని" అని చెప్పుటకు సిగ్గుపడడు.

ఈ శక్తి ఒక్కనాటిలో అలవడునది కాదు. దినమునకొక ప్రశ్న అడుగుట, ఒక్క మాటనైనను ఆధారము చూచి నమ్ముట, ఒక్క తప్పునైనను ఒప్పుకొనుట అభ్యసించినచో క్రమముగా అది స్వభావమగును. చీకటిపడిన గట్టుమీద నలుగురు కేకలు వేయునప్పుడు, వారితో గొంతు కలుపుట ఎవరికైనను చేతనగును. ఇంటిలోనికి పోయి లాంతరు తెచ్చువాడొకడు ప్రతి ఊరికిని కావలెను. నేటి బాలబాలికలలోనుండియే అట్టివారు రావలసియున్నది.